లోజాన్ సంతకం కదిలించిన జనం: ఒక సంవాదం

1923 జనవరి 30న స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో గ్రీసు, టర్కీ ప్రతినిధులు ఒక ఒడంబడికపై సంతకాలు చేశారు. టర్కీలో స్థిరపడిన గ్రీకు ఆర్థొడాక్స్ మతస్థులైన టర్కీ పౌరులనూ, గ్రీసులో స్థిరపడిన ముస్లిములైన గ్రీసు పౌరులనూ ఆ ఏటి మే 1 మొదలుకొని నిర్బంధంగా మార్చుకోవాలనీ, అలా మారినవారు ఆయా ప్రభుత్వాల అనుమతి లేనిదే తిరిగి వచ్చి నివసించరాదనీ దాని మొదటి అధికరణం శాసించింది. ఆర్థొడాక్స్ అన్నది రోమ్‌లోని పోపు ఆధిపత్యాన్ని అంగీకరించని తూర్పు క్రైస్తవ సంప్రదాయం. అందులో గ్రీకు శాఖకు కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్, పీఠస్థానం. ఇష్టపడినవారు సరిహద్దు దాటేందుకు వీలు కల్పించే ఒప్పందాలు అంతకుముందూ లేకపోలేదు. 1919లో గ్రీసు, బల్గేరియాల మధ్య కుదిరినది అటువంటిదే. పౌరుల ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఇంత పెద్ద జనసమూహాన్ని అంతర్జాతీయ సంధి ద్వారా మార్చుకోవడం మాత్రం లోజాన్‌తోనే మొదలైంది.

ఆ ఒడంబడిక మంచిచెడ్డలపై వందేళ్లుగా సాగుతున్న తగవును ఒక్క గొంతుతో చెప్పడం కష్టం కనుక, ఇక్కడ ఇద్దరిని కల్పించడమైనది. ఒకరు రాజ్యాల స్థిరత్వాన్ని గీటురాయిగా పెట్టుకొని దానిని సమర్థించే చరిత్రాచార్యుడు. రెండవవారు పౌరుడి హక్కు వైపు నిలబడి ఖండించే న్యాయవాది. వయసులో ఆచార్యుడే పెద్ద. అయితే వాదంలో న్యాయవాది అందుకు మినహాయింపేమీ ఇవ్వడు.

ఆచార్యుడు: వకీలుగారూ, ఈ ఒడంబడికను నిందించేవారంతా 1923తో కథ మొదలుపెడతారు, అసలు కథ 1919 మే 15న గ్రీకు సైన్యం స్మిర్నా రేవులో, అంటే నేటి ఇజ్మీర్‌లో, దిగిన నాడే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి పశ్చిమ అనటోలియాను చీల్చి తమ రాజ్యంలో కలుపుకోవాలని గ్రీకులు మూడేళ్లు పోరాడి, 1922 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో టర్కు జాతీయవాద నాయకుడు ముస్తఫా కెమాల్ సేనల చేతిలో చిత్తుగా ఓడిపోయారు. ఆ సైన్యం వెనక్కు తగ్గుతూ దారి పొడవునా టర్కు పల్లెలను తగలబెట్టింది. సెప్టెంబరు 13న మొదలైన మంటల్లో స్మిర్నాలోని గ్రీకు, ఆర్మీనియన్ పేటలు బూడిదయ్యాయి. రెండు వైపులా ఇంత రక్తం పారిన తరువాత, ఇరుగుపొరుగుగా మళ్లీ కలిసి బతకండి అని ఎవరికి చెప్పగలం? లోజాన్‌లో దౌత్యవేత్తలు కూర్చునేనాటికి పది లక్షలకు చేరువగా ఆర్థొడాక్స్ క్రైస్తవులు అప్పటికే సముద్రం దాటేశారు. జరిగిపోయినదానికి ఒక క్రమం కల్పించడం తప్ప ఆ ఒడంబడిక చేసిందేమీ లేదు.

న్యాయవాది: ఆచార్యులవారూ, తమరి వాదంలోని బలహీనత సరిగ్గా అక్కడే ఉంది. పారిపోయినవారిని కదిలించడానికి సంధి అక్కరలేదు, భయమే వారిని కదిలించింది. అలాంటప్పుడు సంధి సాధించినదేమిటని అడిగితే రెండే కనిపిస్తాయి. ఒకటి, పారిపోయినవారు మళ్లీ ఇల్లు చేరే దారిని మూసివేయడం. మూడవ అధికరణం 1912 అక్టోబరు 18 తరువాత, అంటే బాల్కన్ యుద్ధాల కాలం నుంచి, ఊళ్లు వదిలినవారిని కూడా ఈ నిషేధంలోకి లాగింది. రెండు, పారిపోనివారిని లేపడం. ఒడంబడిక అమలులో భాగంగా 1923 తరువాత తరలింపబడినవారు క్రైస్తవులు దాదాపు 1,90,000 మంది, ముస్లిములు దాదాపు 3,55,000 మంది. యుద్ధరంగానికి బహుదూరాన అనటోలియా నడిబొడ్డున ఉన్న కప్పడోకియా క్రైస్తవ గ్రామాల వారు అందులో ఉన్నారు. మాసిడోనియా, క్రీటు, ఎపిరస్ ప్రాంతాల ముస్లిం రైతులు ఉన్నారు. అవమానాలూ దౌర్జన్యాలూ ఎదురైనా వారు తమ భూములను అంటిపెట్టుకునే ఉన్నారు. స్మిర్నా మంటలను చూపి ఒడంబడికను సమర్థించేవారు ఈ ఐదున్నర లక్షల మందికి ఆ మంటలతో సంబంధమేమిటో చెప్పాలి.

ఆచార్యుడు: సంబంధం ఉంది, అది భూమి సంబంధం. అప్పటి గ్రీసు జనాభా యాభై లక్షల చిల్లర. 1928 జనగణనలో, రష్యా, బల్గేరియాల నుంచి వచ్చిన కొద్దిమందిని కూడా కలుపుకొని, శరణార్థులు 12,21,849 మంది తేలారు. అంటే దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు. ఏథెన్స్ పురపాలక రంగస్థలంలో ధనికులు కూర్చొని నాటకాలు చూసే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం చొప్పున, మధ్యన గుడ్డ తెర కట్టుకొని కాపురం పెట్టింది. బడులు, గుడులు, గోదాములు నిండిపోయాయి. టైఫస్, మలేరియా వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి. గ్రీకు ప్రతినిధివర్గ నాయకుడు వెనిజెలోస్ ముందు ఉన్న ప్రశ్న సిద్ధాంతానిది కాదు, నెత్తిన కప్పుది. ఉత్తర గ్రీసులో ముస్లిములు ఖాళీ చేసే పొలాలు, ఇళ్లు తప్ప ఆ జనాన్ని నిలబెట్టడానికి వేరే నేల లేదు. నానాజాతి సమితి, అంటే నేటి ఐక్యరాజ్య సమితికి పూర్వరూపమైన సంస్థ, ఏర్పాటు చేసిన శరణార్థి పునరావాస సంఘం ఆ నేల మీదనే పల్లెలకు పల్లెలను నిర్మించింది. అమెరికన్ దౌత్యవేత్త హెన్రీ మోర్గెంతౌ మొదటి అధ్యక్షుడుగా, 1924లో విదేశాల్లో సేకరించిన పెద్ద రుణంతో ఆ సంఘం చేసిన పని చరిత్రలో అరుదైనది. బురదనేలలు ఎండగట్టారు, తివాచీ నేత వచ్చింది, పొగాకు సాగు పెరిగింది.

న్యాయవాది: ఆ సంఘం పనితనాన్ని ఎవరూ కాదనడం లేదు. అయితే తమరు ఒక సంగతి ఒప్పుకున్నారు: ఉత్తర గ్రీసులోని ద్రామాలోనో కొజానీలోనో తాతతండ్రుల నుంచి వచ్చిన పొలం దున్నుకుంటున్న ముస్లిం రైతు, ఆ పొలం మరొకరికి కావలసి వచ్చింది కనుక దేశం విడిచాడు. అతడు ఏ సైన్యంలో చేరాడన్న విచారణ లేదు, ఏ నేరం మోపలేదు. ఏడవ అధికరణం ప్రకారం ఓడ దిగిన మరుక్షణం పాత పౌరసత్వం పోయి కొత్త పౌరసత్వం వచ్చింది. కావాలా అని అడిగిన నాథుడు లేడు. యుద్ధంలో ఓడిపోయింది గ్రీసు రాజ్యం, మూల్యం చెల్లించింది దాని ముస్లిం పౌరులు.

ఈ ఘట్టంలో ఆచార్యుడికి వెంటనే సమాధానం దొరకలేదనే చెప్పాలి. మానవతా సహాయమనే మాట వెనుక ఆస్తి లెక్క ఉన్నదన్న సంగతి ఆనాటి దౌత్యపత్రాలు చదివినవారికి కొత్త కాదు. నానాజాతి సమితి శరణార్థి కమిషనరుగా ఈ మార్పిడిని లోజాన్ సదస్సు ముందు పెట్టిన నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్, శాంతికి నోబెల్ బహుమతి అందుకున్నది ఆ 1922 సంవత్సరానికే. సదస్సులోని ప్రధాన పక్షాల్లో ఏ ఒక్కటీ ఆ తరువాత నిర్బంధమనే ఆలోచన తనదని ఒప్పుకోలేదు. బ్రిటిషు విదేశాంగ మంత్రి కర్జన్ ప్రభువు దీనిని పరమ దుష్టమైన పరిష్కారమనీ, రాబోయే వందేళ్లు ప్రపంచం దీనికి భారీ మూల్యం చెల్లించుకుంటుందనీ సదస్సులోనే అన్నాడు, అని ఒడంబడికను ఆపకుండా ఊరుకున్నాడు. 1905లో బెంగాల్‌ను మత ప్రాతిపదికపై చీల్చాడన్న అపవాదు మోసిన వైస్రాయి ఈయనేనన్నది భారతీయ పాఠకులు మరువరానిది.

న్యాయవాది: మరొక విషయం. ఎవరు గ్రీకు, ఎవరు టర్కు అని తేల్చింది ఎలా? ఒడంబడిక భాషను చూడలేదు, తాము ఎవరమని ఆ ప్రజలు భావించుకుంటున్నారో చూడలేదు, మతం ఒక్కటే చూసింది. కప్పడోకియాలోని కరమాన్లీలు ఆర్థొడాక్స్ క్రైస్తవులే గానీ ఇంట్లో మాట్లాడేది టర్కిష్. గ్రీకు అక్షరాలతో టర్కిష్ రాసుకునేవారు, సమాధిరాళ్ల మీద కూడా అంతే. వారిని గ్రీసుకు పంపారు. క్రీటు ముస్లిముల మాతృభాష గ్రీకు. వారిని టర్కీ తీరంలోని ఐవాలిక్ వంటి చోట్లకు పంపారు. టర్కీలో 1928లో విద్యార్థులు పౌరులారా టర్కిష్ మాట్లాడండి అని ఉద్యమం లేవదీస్తే, వీధిలో నోరు విప్పడానికి జంకినవారిలో ఈ కొత్త టర్కులూ ఉన్నారు. వచ్చినవారిని గ్రీసులో టర్కు విత్తనాలన్నారు, టర్కీలో సగం కాఫిర్లన్నారు. సలోనికాలో పదిహేడవ శతాబ్దంలో యూదు మతం నుంచి ఇస్లాంలోకి మారిన దొన్మె వర్గాన్ని కూడా ముస్లిముల పద్దులోనే రాసి ఓడ ఎక్కించారు.

ఆచార్యుడు: మతాన్ని కొలబద్దగా తెచ్చింది లోజాన్ కాదు, వకీలుగారూ. ప్రజలను మతాన్ని బట్టి సమాజాలుగా గుర్తించి, పెళ్లి, వారసత్వం, చదువు వంటి వ్యవహారాలను ఆయా మతపెద్దలకు అప్పగించే పద్ధతి ఒట్టోమన్ పాలనలో శతాబ్దాలుగా ఉంది. దానినే మిల్లెట్ వ్యవస్థ అంటారు. ఒట్టోమన్ రైతు తన భాష పేరు చెప్పకపోవచ్చు గానీ తన గుడి పేరు చెప్పకుండా ఉండడు. కప్పడోకియాలోని ఉర్గుప్ క్రైస్తవులు 1924లో ఊరు వదిలేటప్పుడు ఏమి పట్టుకెళ్లారో చూడండి: తాము కొలుచుకునే రష్యన్ సెయింట్ జాన్ పవిత్ర కాయాన్ని. ఆ ఊరికి వారి నోట ఉన్న గ్రీకు పేరు ప్రోకోపి. ఎవియా ద్వీపంలో స్థిరపడిన చోటికీ ఆ పేరే పెట్టుకున్నారు, ఆ కాయం నేటికీ అక్కడి చర్చిలోనే ఉంది. మాట్లాడే భాష టర్కిషే అయినా వారి మనసు ఎటు ఉన్నదో అందులో తెలియడం లేదా?

న్యాయవాది: వారి మనసు సెయింట్ జాన్ వైపు ఉన్నదని తెలుస్తున్నది, ఏథెన్స్ ప్రభుత్వం వైపు ఉన్నదని కాదు. ఊరు వదలక తప్పదని తెలిసినవారు తమకు అత్యంత ప్రియమైనదానిని వదిలిపెట్టరు. దానిని ఊరు వదలడానికి సమ్మతిగా చదవడం న్యాయం కాదు. పైగా కొలబద్ద అందరికీ ఒకటే అయిందా? అంకారాలోని కెమాల్ ప్రభుత్వానికి అండగా నిలిచి, గ్రీకు పీఠాన్ని ధిక్కరించి టర్కిష్ ఆర్థొడాక్స్ చర్చి స్థాపించిన పాపా ఎఫ్తిమ్ అనే మతగురువుకూ ఆయన కుటుంబానికీ మినహాయింపు దొరికింది. విధేయత చూపితే మతం అడ్డు కాదన్నమాట. అయితే ఆ అవకాశం తక్కినవారికి ఎందుకివ్వలేదు?

మినహాయింపుల మాట వచ్చింది కనుక సంవాదం సహజంగానే ఇస్తాంబుల్ వైపు మళ్లింది. రెండవ అధికరణం రెండు సమూహాలను మార్పిడి నుంచి తప్పించింది: 1918 అక్టోబరు 30కి ముందే ఇస్తాంబుల్‌లో స్థిరపడిన గ్రీకులు, గ్రీసులోని పశ్చిమ థ్రేస్ ముస్లిములు. ఒక్కొక్క వైపు సుమారు లక్ష మంది. ఏజియన్ సముద్రంలోని ఇంబ్రోస్, టెనెడోస్ ద్వీపాల గ్రీకులకు 1923 జూలై 24 నాటి ప్రధాన శాంతి సంధి ఇటువంటి రక్షణే ఇచ్చింది. స్థిరపడినవారు అంటే ఎవరన్న దానిపైనే తగవు నడిచింది. టర్కీ తన దేశీయ చట్టం ప్రకారం నమోదైనవారే స్థిరపడినవారని వాదించగా, హేగ్‌లోని శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానం 1925 ఫిబ్రవరి 21న ఇచ్చిన సలహా అభిప్రాయంలో, శాశ్వతంగా ఉండే ఉద్దేశంతో వాస్తవంగా నివసించడమే ప్రమాణమని తేల్చింది.

ఆచార్యుడు: నిర్బంధ మార్పిడి తప్పనేవారు ఈ మినహాయింపు పొందినవారి గతి చూడాలి. 1942లో విధించిన ఆస్తి పన్ను ముస్లిమేతరుల మీద పలు రెట్లు ఎక్కువగా పడింది. కట్టలేనివారిని అనటోలియా తూర్పున అష్కాలె శ్రమశిబిరానికి పంపారు. 1955 సెప్టెంబరు 6, 7 తేదీల్లో ఇస్తాంబుల్ గ్రీకుల దుకాణాలు, ఇళ్లు, చర్చిలు ధ్వంసమయ్యాయి. 1964లో సైప్రస్ తగవు ముదిరాక గ్రీసు పౌరసత్వం ఉన్నవారిని వెళ్లగొట్టగా, టర్కీ పౌరులైన భార్యాబిడ్డలు కూడా వారి వెంట నడిచారు. ఈనాడు ఆ మహానగరంలో మిగిలిన గ్రీకులు కొన్ని వేలకు మించరు. 1923లో సముద్రం దాటినవారి మనుమలు గ్రీసులో ఇళ్లు కట్టుకొని నిశ్చింతగా ఉన్నారు. ఉండిపోయినవారి మనుమలు ఎక్కడ ఉన్నారు?

న్యాయవాది: ఇది తమరి వాదాలన్నిటిలోకీ బలమైనది, కాదనలేం. కానీ ఇస్తాంబుల్ గ్రీకులను ఎవరు బందీలను చేశారు? ఒక వైపు లక్షమందికి మరొక వైపు లక్షమందిని తూకం వేసి నిలిపిన లోజానే కదా. నీవు అక్కడ ఒకడిని కొడితే నేను ఇక్కడ ఇంకొకడిని కొడతాననే లెక్కకు అదే పునాది వేసింది. గ్రీసు తక్కువ తినలేదు: 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 19వ అధికరణం ప్రకారం, గ్రీకు జాతీయుడు కానివాడు తిరిగివచ్చే ఉద్దేశం లేకుండా దేశం విడిచాడని అధికారులు భావిస్తే చాలు, పౌరసత్వం పోతుంది. 1998లో దానిని రద్దు చేసేలోగా దాదాపు 60 వేల మంది, అత్యధికులు థ్రేస్ ముస్లిములు, పౌరసత్వం కోల్పోయారు. చదువుకోనో బంధువులను చూడనో టర్కీ వెళ్లి, తిరిగివచ్చేసరికి తమకు దేశం లేదని తెలుసుకున్నవారు అందులో ఉన్నారు. వీరిని వేధించింది కలిసి బతకలేకపోవడం కాదు, పౌరుడిని మరో దేశం ప్రతినిధిగా చూసే దృష్టి. ఆ దృష్టికి సంధి హోదా కల్పించింది 1923.

ఆచార్యుడు: అయినా 1922 తరువాత ఈ రెండు దేశాల మధ్య నేరుగా యుద్ధం రాలేదు. ఒడంబడికకు ఎనిమిదేళ్లు తిరగకముందే, 1930 అక్టోబరులో, స్మిర్నాకు సైన్యాన్ని పంపిన ఆ వెనిజెలోసే అంకారా వెళ్లి మైత్రీ సంధి చేసుకున్నాడు; 1934లో కెమాల్ అతాతుర్క్ పేరును నోబెల్ శాంతి బహుమతికి సూచించాడు కూడా.

న్యాయవాది: ఆ మైత్రికి ధర ఎవరు కట్టారో కూడా చెప్పండి. వదిలివచ్చిన స్థిరాస్తికి సమాన విలువ గల ఆస్తి కొత్త దేశంలో ఇస్తామని ఒడంబడిక మాట ఇచ్చింది. గ్రీసు నుంచి నలుగురు, టర్కీ నుంచి నలుగురు, యుద్ధంలో పాల్గొనని దేశాల నుంచి ముగ్గురు, మొత్తం పదకొండు మందితో మిశ్రమ సంఘం వేసి ఆ ఆస్తులకు విలువ కట్టమన్నారు. ఇల్లు, బావి, ద్రాక్షతోట, ఆలివ్ చెట్లు అని పద్దులు రాసి జనం అర్జీలు పెట్టుకున్నారు. ఆ విలువ కట్టడం ఎన్నటికీ తెమలలేదు. చివరికి 1930 జూన్ 10న రెండు ప్రభుత్వాలూ ఒకరి బాకీకి మరొకరి బాకీ చెల్లు అని రాసుకున్నాయి. బాకీ ప్రభుత్వాలది కాదు, పౌరులది. చెల్లు వేసింది మాత్రం ప్రభుత్వాలు.

ఆ తరువాత వాదం లోజాన్ నుంచి లోకం మీదికి వెళ్లింది. 1937లో పాలస్తీనాను విభజించాలన్న బ్రిటిషు పీల్ సంఘం ఈ మార్పిడినే ఆదర్శంగా చూపింది. తూర్పు యూరప్ నుంచి జర్మన్లను తరలించడాన్ని సమర్థిస్తూ చర్చిల్ 1944 డిసెంబరులో పార్లమెంటులో దీనినే ఉదాహరించాడు. ఆచార్యుడు ఇక్కడ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్‌ను సాక్ష్యానికి పిలిచాడు: పాకిస్తాన్ ప్రశ్నపై 1940లో వెలువరించిన గ్రంథంలో, మతకల్లోలాలకు శాశ్వతమైన మందు అల్పసంఖ్యాకుల మార్పిడేననీ, గ్రీసు, టర్కీ, బల్గేరియాలు చేసి చూపినదానిని అసాధ్యమని కొట్టివేయరాదనీ ఆయన వాదించాడు. ఆ మాట విని ముందుగానే క్రమపద్ధతిలో తరలించి ఉంటే 1947లో పంజాబు రైళ్లలో అన్ని శవాలు చేరేవి కావన్నది ఆచార్యుడి అభిప్రాయం.

న్యాయవాది: పంజాబులో ఆగస్టులో మొదలైన పరుగును భారత్, పాకిస్తాన్ ప్రభుత్వాలు రెండూ చివరికి తామే నిర్వహించాయి, సైనిక సంస్థలు కాపలా కాసి జనాన్ని దాటించాయి. ఒప్పందం లేకనే చంపుకున్నారనడం కన్నా, చంపుకున్నాక ఒప్పందాలు వచ్చాయనడం నిజానికి దగ్గర. బెంగాల్‌లో మాత్రం ఆ రెండు దేశాల ప్రధానులు నెహ్రూ, లియాకత్ అలీ ఖాన్ 1950 ఏప్రిల్ 8న వేరే దారి పట్టారు: మార్పిడి కాదు, ఎక్కడివారికి అక్కడే రక్షణ. లోజాన్ ఒక్కటే దారి కాదని దానికన్నా వేరే రుజువు అక్కరలేదు.

ఆచార్యుడు: ఆ ఒప్పందం తరువాత కూడా తూర్పు బెంగాల్ హిందువుల వలస దశాబ్దాల తరబడి ఆగలేదు కదా.

న్యాయవాది: ఆగలేదు, నిజమే. అయినా ఉండిపోయినవారు కోటికి పైగా ఉన్నారు. వారికి ఉండే హక్కు చట్టంలో మిగిలింది. కప్పడోకియా క్రైస్తవుడికి ఆ హక్కు చట్టంలోనే లేకుండా పోయింది.

ఇద్దరిలో ఎవరూ తమ పట్టు వదలలేదు. శరణార్థుల పునరావాసం గురించి ఆచార్యుడు చెప్పినవి వాస్తవాలు. ఏథెన్స్ శివార్లలోని నేయా స్మిర్ని, నేయా ఇయోనియా పేటలు, శరణార్థులు 1924లో స్థాపించిన ఏఈకే, 1926లో స్థాపించిన పావోక్ క్రీడాసంఘాలు ఇప్పటికీ అందుకు సాక్ష్యం. అయితే ఆ విజయం ప్రధానంగా యుద్ధభయంతో వచ్చిన పది లక్షల మందిని నిలబెట్టిన పాలనకు చెందుతుంది. వారిని నిలబెట్టడానికి వారి తిరుగుదారి మూయవలసిన అవసరం లేదు. ఒడంబడికను ఒడంబడికగా తూచవలసివస్తే, దాని సంతకం ఒక్కటే లేపిన ఆ ఐదున్నర లక్షల మంది దగ్గరే తూచాలి, అక్కడ న్యాయవాది వాదమే నిలుస్తుంది. ముస్లిముల పొలాలు లేకపోతే గ్రీసు గట్టెక్కేది కాదన్న వాదం అవసరాన్ని రుజువు చేస్తుందే గానీ హక్కును రుజువు చేయదు.

అంతర్జాతీయ న్యాయం కూడా ఆ తరువాత అటే మొగ్గింది. ఏ రాజ్యమూ తన పౌరుడిని తన భూభాగం నుంచి వెళ్లగొట్టరాదని యూరోపియన్ మానవహక్కుల ఒడంబడికకు 1963లో చేర్చిన నాలుగవ అనుబంధ పత్రం నిషేధించింది. యూరప్ దేశాల్లో అత్యధికం దానిని ధ్రువీకరించాయి. కారణాలు ఏవైనా, ధ్రువీకరించని కొద్దిపాటి దేశాల జాబితాలో గ్రీసు, టర్కీ రెండూ ఉన్నాయి.